సముద్రానికి ఇసుక హద్దు: హెబ్రీ లేఖనాల్లో ప్రకృతి మీద దేవుని అధికారం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చర్చిలో పెరిగినవాళ్లు, కొత్తగా బైబిల్ పట్టుకున్నవాళ్లు, ఏ మతంతోనూ పని లేకుండా ఊరికే ఆసక్తి కొద్దీ అడిగేవాళ్లు, అందరూ కలిపి నన్ను కొన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్నలివి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. అధ్యాయాలు, వచనాల నంబర్లు తెలుగు బైబిల్ ప్రకారమే ఇచ్చాను. పక్కన తెరిచి పెట్టుకుని చదవండి.

హెబ్రీ లేఖనాలంటే పాత నిబంధనేనా?

దాదాపు అంతే. యూదులు తనఖ్ అంటారు. వాళ్ల లెక్కలో 24 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ బైబిల్లో 39. పుస్తకాలు అవే, విడగొట్టిన పద్ధతి వేరు. ఉదాహరణకి హోషేయ నుంచి మలాకీ దాకా పన్నెండుమంది ప్రవక్తలు వాళ్లకి ఒకటే పుస్తకం.

"ప్రకృతి" అనే మాట అందులో ఎక్కడుంది?

ఎక్కడా లేదు, మొదట గమనించాల్సింది ఇదే. మనం "ప్రకృతి" అని ఒక్క మాటలో చెప్పేదానికి బైబిల్ హెబ్రీలో పదమే లేదు. "ఆకాశమూ భూమీ" అంటారు, లేదంటే ఒక్కోదాన్ని పేరు పెట్టి చెబుతారు: సముద్రం, మంచు, కాకిపిల్లలు, దేవదారు చెట్లు. దానంతటది నడుచుకునే యంత్రం ఒకటి ఉందని, దేవుడు అప్పుడప్పుడు దానిలో వేలు పెడతాడని ఆ రచయితలు అనుకోలేదు. రోజూ పొద్దు పొడవడమూ ఆయన మాటే, ఎర్ర సముద్రం పాయలవడమూ ఆయన మాటే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కింద ఉన్న ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

ఆదికాండం మొదటి అధ్యాయం బబులోను కథకి కాపీ అంటున్నారు, నిజమేనా?

బబులోనువాళ్లకి (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) ఎనూమా ఎలిష్ అనే సృష్టి కావ్యం ఉంది, జార్జ్ స్మిత్ 1876లో దాన్ని అచ్చులోకి తెచ్చాడు. అందులో మర్దూక్ అనే దేవుడు తియామత్ అనే సముద్రదేవతతో యుద్ధం చేసి, ఆమెను చంపి, ఎండబెట్టే చేపను చీల్చినట్టు రెండుగా చీల్చి ఒక సగంతో ఆకాశం చేస్తాడు. ఆదికాండం 1:2లో "అగాధ జలము" అని ఉన్నచోట హెబ్రీ పదం తెహోమ్. తియామత్, తెహోమ్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. కాబట్టి ఆదికాండం రాసినవాళ్లకీ చదివినవాళ్లకీ ఆ చుట్టుపక్కల కథలు తెలుసనే అనుకోవాలి.

అయితే రెండూ పక్కపక్కన పెట్టి చదివి చూడండి. ఆదికాండంలో యుద్ధమే లేదు. తెహోమ్ అక్కడ దేవత కాదు, ఎదురు తిరగదు, దానికి గొంతే లేదు, ఉత్త నీళ్లు. దేవుడు కత్తి ఎత్తడు, నోటితో చెబుతాడు, అయిపోతుంది. ఆ నీళ్ల మీద దేవుని ఆత్మ "అల్లాడుచుండెను" అన్నారు కదా, ఆ క్రియ ద్వితీయోపదేశకాండం 32:11లో మళ్లీ కనిపిస్తుంది. గూడు రేపి పిల్లల మీద అల్లాడే పక్షిరాజు గురించి చెప్పినచోట. మన తెలుగు అనువాదకులు రెండుచోట్లా అదే మాట వాడారు, నాకు అది చాలా ఇష్టం. మొట్టమొదటి పేజీలోనే అధికారం అనే మాట పక్కన తల్లిపక్షి రెక్కలు కనబడుతున్నాయి.

నాలుగో రోజు సూర్యుడూ చంద్రుడూ వచ్చారు, కానీ ఆ పేర్లు లేవేంటి?

కావాలనే వదిలేశారని చాలామంది పండితుల మాట, నాకూ అదే సబబనిపిస్తుంది. హెబ్రీలో సూర్యుడికి షెమెష్, చంద్రుడికి యారేయహ్ అనే మామూలు మాటలున్నాయి. కానీ ఇరుగుపొరుగు దేశాల్లో అవే మాటలు దేవుళ్ల పేర్లు కూడా. అందుకని "పెద్ద జ్యోతి", "చిన్న జ్యోతి" అని ఊరుకున్నారు. పగలు ఒకటి, రాత్రి ఒకటి, చెప్పిన డ్యూటీ చేస్తాయి, అంతే. ఇది తేలికైన పోరాటమేమీ కాదు. యెరూషలేము మందిరం దగ్గరే యూదా రాజులు సూర్యుడికి గుర్రాలు నిలిపి ఉంచారని, యోషీయా రాజు వాటిని తీసేసి సూర్యుని రథాలు కాల్పించాడని 2 రాజులు 23:11లో ఉంది. అంటే ఆ రాజ్యం నడిబొడ్డులోనే సూర్యుణ్ణి కొలిచారు.

(ఆరు రోజులంటే 24 గంటల రోజులా అని కూడా అడుగుతారు. ఆ చర్చ ఇక్కడ మొదలుపెట్టను, సూర్యుడు నాలుగో రోజున వచ్చాడన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.)

యుద్ధమే లేదంటున్నారు, మరి కీర్తన 74లో మకరం తలలు పగలగొట్టడం ఏంటి?

మంచి ప్రశ్న, దీన్ని దాటవేయకూడదు. తెలుగు బైబిల్లో "మకరము" అని ఉన్నది హెబ్రీలో లివ్యాతాన్. 1928లో సిరియా తీరంలో ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాత సమాధి రాయి తగిలింది, మరుసటి ఏడాది దగ్గర్లోని రాస్ షమ్రాలో తవ్వకాలు మొదలయ్యాయి. అలా బయటపడిందే ఉగరిత్ అనే పట్టణం. అక్కడి మట్టి పలకల్లో బయలు దేవుడు సముద్రంతో పోరాడిన కథ ఉంది, ఏడు తలల మెలికల సర్పం ఉంది. ఆ సర్పాన్ని వర్ణించిన మాటలే యెషయా 27:1లో "తీవ్రసర్పము, వంకరసర్పము" అని ఇంచుమించు యథాతథంగా కనిపిస్తాయి. కవులకి ఆ భాష తెలుసు, వాడుకున్నారు.

కానీ ఎక్కడ వాడుకున్నారో చూడండి. కీర్తన 74 మందిరం కాలిపోయిన తర్వాతి ఏడుపు. "అప్పట్లో సముద్రాన్నే విరగ్గొట్టావు కదా, ఇప్పుడు ఊరుకున్నావేం?" అని గోల పెడుతున్న మనిషి మాట. అదే మకరం కీర్తన 104:26కి వచ్చేసరికి ఓడల పక్కన నీళ్లలో ఆడుకుంటూ ఉంటుంది, ఆడుకోవడానికే దేవుడు దాన్ని చేశాడట. రోజులో చివరి మూడు గంటలు దేవుడు లివ్యాతాన్‌తో ఆడుకుంటాడని తల్మూదు అనే యూదుల గ్రంథంలో రబ్బీలు (మతగురువులు) కూడా అన్నారు.

ఇన్నిసార్లు వాన గురించే ఎందుకు మాట్లాడతారు?

నన్నడిగితే ఈ పేజీలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇది, ఎవరూ పెద్దగా అడగరు. అందరికీ అద్భుతాలు కావాలి. లేఖనాలకి మాత్రం వాన కావాలి.

ఇశ్రాయేలు కొండ ప్రాంతానికి నైలు లాంటి నది లేదు. యొర్దాను ఉంది గానీ అది సముద్రమట్టానికి కూడా దిగువన, లోతైన లోయలో పారుతుంది, ఆ నీళ్లు పైనున్న కొండల మీది చేలకి ఎక్కవు. వేసవిలో చుక్క పడదు. అక్టోబరు, నవంబరుల్లో మొదటి వాన పడితే నేల మెత్తబడుతుంది, దున్ని విత్తుతారు. మార్చి, ఏప్రిల్లో చివరి వాన పడితే గింజ పాలు పోసుకుంటుంది. ఈ రెండిట్లో ఏది తప్పినా ఆ ఏడు కరువే. హెబ్రీలో యోరె, మల్కోష్ అనే ఈ రెండు వానలకి మనవాళ్లు "తొలకరి వాన", "కడవరి వాన" అని ఎంత చక్కగా పేరు పెట్టారో. కాకపోతే తొలకరి అనగానే మనకి జూన్ మెదులుతుంది, అక్కడ అది మన దసరా, దీపావళి రోజుల్లో పడే వాన.

ద్వితీయోపదేశకాండం 11:10 చదవండి. ఐగుప్తులో (ఈజిప్టులో) విత్తనాలు వేసి కూరతోటకి కట్టినట్టు "కాళ్లతో నీళ్లు కట్టేవారు" అని ఉంటుంది. కాలువ కింద వ్యవసాయం చేసిన వాళ్లెవరికీ దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, మడి గట్టుని కాలితో తన్ని నీళ్లు మళ్లించడం, మళ్లీ కాలితోనే మట్టి అడ్డం తోసి ఆపడం. అక్కడ నీళ్లు నీ కాలి కింద ఉన్నాయి, ఇప్పుడు వెళ్లబోయే దేశంలో ఆకాశంలో ఉన్నాయి, తలెత్తి చూడాల్సిందే అంటాడు మోషే. ఆ దేశపు భక్తి అంతా ఈ ఒక్క తేడాలోంచి పుట్టిందంటే నేను ఒప్పుకుంటాను.

ఏలీయాకీ బయలు ప్రవక్తలకీ గొడవ కూడా వాన గురించేనా?

అచ్చంగా వాన గురించే. బయలు వానదేవుడు, మేఘాల మీద స్వారీ చేసేవాడని ఉగరిత్ పలకల్లో అతనికి బిరుదు. అహాబు రాజు సీదోను రాజు కూతురు యెజెబెలుని పెళ్లి చేసుకుని బయలుకి గుడి కట్టాడు. వెంటనే ఏలీయా అనే యెహోవా ప్రవక్త వచ్చి, నేను చెబితే తప్ప మంచూ వానా ఉండవు అన్నాడు (1 రాజులు 17:1). ఆ దేవుడి డిపార్ట్‌మెంట్లోనే దెబ్బ కొట్టాడన్నమాట. తర్వాత కరువులో ఏలీయా ఎక్కడ తలదాచుకున్నాడు? సీదోనుకి చెందిన సారెపతులో, అంటే బయలు సొంతూళ్లో, పిండి అడుగంటిన ఒక విధవరాలి ఇంట్లో. అక్కడా పిండీ నూనే అయిపోకుండా ఇచ్చింది యెహోవాయే.

బయలు ప్రవక్తలతో పోటీలో కర్మెలు కొండ మీద ఏలీయా బలిపీఠం మీదికి అగ్ని దిగడం అందరికీ గుర్తుంటుంది. కథ అక్కడితో అయిపోలేదు. ఏలీయా తల మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంటే పనివాడు సముద్రం వైపు చూసొచ్చి ఏమీ లేదంటాడు, మళ్లీ పంపుతాడు, ఏడోసారికి మనిషి చెయ్యంత చిన్న మేఘం. మా అమ్మమ్మ మెట్ట పొలాల ఊళ్లో ఉండేది. మధ్యాహ్నం పూట వాకిట్లో నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటి దిక్కు చూసేది, ఎక్కడైనా చిన్న మబ్బు తునక కనిపిస్తే "ఏలీయా మబ్బు వచ్చిందిరా" అని కేకేసేది. చాలాసార్లు అది కురవకుండానే పోయేది. మర్నాడు మళ్లీ అదే చోట నిలబడేది.

కీర్తన 29లో ఉరుమే దేవుని స్వరమా? అంటే ప్రకృతే దేవుడా?

ప్రకృతి దేవుడు కాదు, ఈ విషయంలో హెబ్రీ లేఖనాలు గట్టిగా ఉంటాయి. ఆకాశం కూడా బట్టలా పాతబడుతుంది, నువ్వు మాత్రం ఉంటావు అంటుంది కీర్తన 102. కీర్తన 29 మాత్రం వినాల్సిన కీర్తన. "యెహోవా స్వరము" అని ఏడుసార్లు వస్తుంది, హెబ్రీలో కోల్ అనే ఆ చిన్న పదం ఉరుములాగే పడుతుంది. తుఫాను సముద్రం మీద పుడుతుంది, లెబానోను దేవదారుల్ని విరిచేస్తుంది, హెర్మోను కొండ దూడలా గెంతుతుంది, ఆ తర్వాత కాదేషు ఎడారిని వణికిస్తుంది. పటం మీద వేలితో గీసుకుంటూ చదవొచ్చు. ఇదే ఉరుము హోరేబు కొండ దగ్గర ఏలీయాకి పనికిరాలేదని కూడా గుర్తుంచుకోండి. గాలి, భూకంపం, మెరుపు అన్నీ వచ్చాయి, దేవుడు వాటిలో లేడు, చివర్లో "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వచ్చింది. గాలికి యజమాని అయినవాడు గాలిలోనే ఉండి తీరాలని ఏమీ లేదు.

ఎర్ర సముద్రం గాలికే పాయలైందంటే అది అద్భుతం కాదా?

గాలి అని చెప్పింది శాస్త్రవేత్తలు కాదు, నిర్గమకాండమే. 14:21లో రాత్రంతా బలమైన తూర్పుగాలి వీచిందని ఉంది. అంతకుముందు ఐగుప్తు మీదికి తెగుళ్లు వచ్చినప్పుడు మిడతలు వచ్చింది తూర్పుగాలితో, పోయింది పడమటిగాలితో. వడగళ్ల తెగులైతే ఇంకా వివరంగా ఉంటుంది: యవలు వెన్ను వేశాయి కాబట్టి పోయాయి, గోధుమలు ఇంకా ఎదగలేదు కాబట్టి మిగిలాయి (9:31, 32). పొలం గట్టు మీద నిలబడి పంట నష్టం రాసుకున్నట్టు లేదూ? ఆ వచనంలో "జనుప" అని ఉన్నది అసలు అవిసె, నారబట్టలు నేసేది దాంతోనే. ఇక ఎర్ర సముద్రం హెబ్రీలో యామ్ సూఫ్. సూఫ్ అంటే జమ్ము, పసివాడు మోషేని పెట్టెలో పెట్టి దాచిన జమ్ము కూడా ఇదే పదం.

ఇంత చెప్పాక కూడా ఆ రచయితకి అది దేవుని పని కాకుండా పోలేదు. గాలి ఎవరిది అన్నదే ఆయనకి ప్రశ్న.

యెహోషువ కోసం సూర్యుడు ఆగాడంటే భూమి తిరగడం ఆగిందా?

మోషే తర్వాత ఇశ్రాయేలీయుల్ని నడిపించిన యెహోషువ ఒక యుద్ధంలో సూర్యుణ్ణి ఆగమన్నాడు. ఆ మాట ఉన్న యెహోషువ 10:12, 13 ఒక పద్యం. యాషారు అనే పాత గ్రంథం నుంచి తీసుకున్నామని అక్కడే రాసి ఉంది. "ఆగు" అన్నచోట హెబ్రీ పదానికి ఊరుకో, నిశ్శబ్దంగా ఉండు అనే అర్థం కూడా ఉంది. ఈ వచనం మీద గెలీలియో కూడా 1615లో రాసిన ఒక పెద్ద ఉత్తరంలో చర్చించాడు. ఖగోళశాస్త్రం పాఠంగా చదివితే పద్యం చచ్చిపోతుంది. చుట్టుపక్కల జనం మొక్కే సూర్యచంద్రులు ఆ రోజు ఒక మనిషి అడిగితే దేవుని పక్షాన కదలకుండా నిలబడ్డారని అది పాడుతోంది.

తుఫాన్లు, భూకంపాలు పాపానికి శిక్షేనా?

ఈ ప్రశ్నకి నెమ్మదిగా చెప్పాలి. దివిసీమ ఉప్పెన, 1977 నవంబర్ 19, మా నాన్న తరంవాళ్లకి తేదీతో సహా గుర్తు. ఒక్క రాత్రిలో వేలమంది పోయారు. ఇంకో తుఫాను తర్వాత, భర్త వేటకెళ్లి తిరిగిరాని ఒకావిడ పక్కన కూర్చుని, "ఏదో ఉండే ఉంటుందమ్మా, దేవుడు ఊరికే చెయ్యడు" అని ఒక పెద్దమనిషి అనడం నేను చెవులారా విన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. ఆ రోజు నోరు తెరవనందుకు నాకు ఇప్పటికీ బాధే.

లేఖనాల్లో శిక్షగా వచ్చిన కరువులు ఉన్నాయి, దాచక్కర్లేదు. ఆమోసు 4:7లో ఒక ఊరి మీద వాన కురిపించి ఇంకో ఊరి మీద ఆపానని దేవుడే అంటాడు. కానీ ఆ మాట ఎవరు, ఎవరితో అంటున్నారు? పేదల్ని నలగ్గొట్టి సుఖంగా ఉన్నవాళ్ల మొహం మీద ప్రవక్త అంటున్నాడు. దెబ్బతిన్నవాడి ఇంటికెళ్లి ఆ వచనం చదివితే ఏమవుతుందో చెప్పడానికే యోబు గ్రంథం ఉంది. ఎడారి నుంచి పెద్దగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలా కొడితే యోబు పిల్లలంతా పోయారు. స్నేహితులు అధ్యాయాల కొద్దీ వాదించారు, నువ్వేదో చేసే ఉంటావని. వాళ్లు దేవుని పక్షాన మాట్లాడుతున్నామనే అనుకున్నారు. చివర్లో 42:7లో దేవుడు వాళ్ల మీదే కోపపడ్డాడు, నా గురించి యోబు మాట్లాడినట్టు మీరు యుక్తంగా మాట్లాడలేదు అన్నాడు. కాబట్టి దేవునికి గాలి మీద అధికారం ఉందని నమ్మేవాళ్లకి, ఆ గాలి ఫలానావాడి ఇంటిని ఎందుకు కొట్టిందో చెప్పే అధికారం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మరి సుడిగాలిలోంచి దేవుడు యోబుకి చెప్పిన జవాబు బెదిరింపు కాదా?

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 38వ అధ్యాయం గట్టిగా పైకి చదివిన రోజు అభిప్రాయం మారింది. సముద్రం పుట్టినప్పుడు దానికి మేఘాన్ని బట్టగా, కారుచీకటిని పొత్తిగుడ్డగా చేశానంటాడు. పొత్తిగుడ్డలు! అందరూ వణికే సముద్రాన్ని దేవుడు పురిటిబిడ్డలా చుట్టాడు, తర్వాత తలుపు పెట్టి గడియ వేసి, ఇంతవరకే, ఇక ముందుకు రావద్దు అన్నాడు. యిర్మీయా 5:22లో ఆ హద్దు ఇసుక. రాతిగోడ కాదు, మన వేళ్లలోంచి జారిపోయే ఇసుక.

ఆ తర్వాత మనుషులే లేని ఎడారి మీద వాన కురిపిస్తానంటాడు (38:26). ఎవరికీ పంట లేదు, ఎవరూ థ్యాంక్స్ చెప్పరు, అయినా అక్కడ గడ్డి మొలవాలట. కొండమేక ఈనే వేళ నీకు తెలుసా, అడవిగాడిదని ఎవరు విడిచిపెట్టారు, కాకిపిల్లలు అరిస్తే ఎవరు మేత పెడతారు, ఇలా 39వ అధ్యాయం దాకా సాగుతుంది. "కృత్తిక"ని బంధించగలవా అని కూడా అడుగుతాడు, మన పంచాంగంలోని నక్షత్రమే. యోబు ఎందుకు బాధపడ్డాడో మాత్రం ఒక్క ముక్క చెప్పడు. అది నాకు ఇప్పటికీ కొరుకుడుపడదు. అయితే ఈ ప్రపంచం నా చుట్టూ తిరగడం లేదని, అయినా పట్టించుకునేవాడు ఒకడున్నాడని ఆ రెండు అధ్యాయాలు చెప్పినట్టు ఇంకేదీ నాకు చెప్పలేదు.

యోనాని మింగింది తిమింగలమా?

యోనా, దేవుడు పంపినచోటికి వెళ్లకుండా పారిపోయిన ప్రవక్త. అతన్ని మింగినదాన్ని హెబ్రీలో "పెద్ద చేప" అని మాత్రమే అన్నారు. చేప దగ్గరే ఆగిపోకండి, పురుగుని కూడా చూడండి. దేవుడు చేపని నియమించాడు, చెట్టుని నియమించాడు, పురుగుని నియమించాడు, వేడి తూర్పుగాలిని నియమించాడు, హెబ్రీలో నాలుగుసార్లూ ఒకే క్రియ. చేపా గాలీ పురుగూ అన్నీ చెప్పినమాట విన్నాయి, విననిది ప్రవక్త ఒక్కడే. తెలుగులో "సొరచెట్టు" అన్న ఆ మొక్క ఆముదం అయి ఉండొచ్చని చాలామంది అంటారు. బైబిల్ని లాటిన్‌లోకి తెచ్చిన జెరోము తన అనువాదంలో సొరపాదుని మార్చి వేరే తీగ పేరు పెట్టినందుకు ఆఫ్రికాలో ఒక సంఘంలో జనం గొడవ చేశారని బిషప్ అగస్టీను ఆయనకే ఉత్తరం రాశాడు, 5వ శతాబ్దం మొదట్లో. అలవాటైన మాట మారిస్తే జనం అప్పుడూ ఊరుకోలేదు.

"భూమిని లోపరచుకొనుడి" అని దేవుడే అన్నాడు కదా, ఇక అడవులు కొట్టేస్తే తప్పేంటి?

ఆదికాండం 1:28 పట్టుకుని 2:15 వదిలేస్తేనే అలా అనగలం. ఆదాముని తోటలో పెట్టింది "సేద్యపరచుటకును దాని కాచుటకును". కాచుట అంటే చేను కాయడంలో ఉన్న కాపలాయే. ముట్టడి వేసినా పండ్లచెట్లు నరకొద్దు (ద్వితీ. 20:19), గూటిలో తల్లిపక్షిని పిల్లలతో కలిపి పట్టుకోవద్దు (22:6), ఏడో ఏట నేలకి విశ్రాంతి ఇవ్వాలి. లేవీయకాండం 25:23 అయితే "భూమి నాదే" అంటుంది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అంటుంది. పట్టా మన పేరున ఉన్నా ఆ వచనం లెక్కలో మనం కౌలుదారులమే.

ప్రార్థన చేస్తే వాన వస్తుందా?

యూదులు రెండువేల ఏళ్లకు పైగా అడుగుతూనే ఉన్నారు. మిష్నా అనే యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనంలో తానీత్ అనే భాగం చాలావరకు వాన కోసం ఉపవాసాల గురించే. హోనీ అనే ఆయన నేల మీద గుండ్రంగా గీత గీసి, అందులో నిలబడి, వాన పడేదాకా కదలనన్నాడు. ముందు చినుకులు పడ్డాయి, ఇది కాదన్నాడు. కుండపోత పడింది, ఇదీ కాదన్నాడు. ఆ తర్వాత చక్కటి వాన పడింది, అదీ ఆగకపోయేసరికి జనం గుడికొండ ఎక్కి, ఇక ఆపమని అడుగు బాబూ అన్నారు. అప్పటి పెద్ద రబ్బీకి కోపమొచ్చింది గానీ, తండ్రి దగ్గర గారాలు పోయే కొడుకుని ఏం చేస్తాం అని వదిలేశాడు.

నాకు ఇంకా నచ్చేది మరొకటుంది. పండుగకి యెరూషలేము వచ్చినవాళ్లు ఇళ్లకి చేరకముందే వాన అడగకూడదని, యూఫ్రటీసు దాకా వెళ్లాల్సిన ఆఖరి యాత్రికుడికి 15 రోజులు టైమిచ్చి అప్పుడు మొదలుపెట్టాలని అదే మిష్నాలో ఉంది. పొలం ఎండిపోతున్నా సరే, దారిలో ఉన్నవాడు తడవకూడదు.

ఎక్కడ్నుంచి చదవడం మొదలుపెట్టమంటారు?

యోనాతో. 48 వచనాలే, టీ చల్లారేలోపు అయిపోతుంది. తర్వాత కీర్తన 104, వీలైతే చీకటి పడ్డాక, ఎందుకంటే మధ్యలో రాత్రవుతుంది, సింహప్పిల్లలు దేవుణ్ణి ఆహారం అడుగుతూ గర్జిస్తాయి, తెల్లారితే అవి గుహలకి వెళ్లి పడుకుంటాయి, మనుషులు పనికి బయల్దేరతారు. ఆపైన యోబు 38, 39. నీటిగుర్రం, మకరం ఉన్న 40, 41 అధ్యాయాలు మర్నాటికి ఉంచుకోండి, అన్నీ ఒకేసారి పట్టవు.